అంచులకు నెట్టిన కొడుకులు

పొన్నూరు సహస్రలింగేశ్వరస్వామి గుడికి వెళ్లినవాళ్లు లింగాల సంగతి కాసేపు మరిచిపోయి ముందు తల పైకెత్తుతారు. వీరాంజనేయుడు 24 అడుగులు, గరుత్మంతుడు 30 అడుగులు. మెడ బాగా వెనక్కి వంచితే తప్ప గరుత్మంతుడి ముక్కు కొస కంటికి ఆనదు. చంటిపిల్లలున్న తండ్రులు వాళ్లని భుజాలకెత్తుకుని చూపిస్తుంటారు. భుజం మీద పిల్లవాడు, కింద నాన్న, ఎదురుగా ఇద్దరు మహాబలులు. ఆ బలవంతుల కథలు రెండూ తండ్రి దగ్గరికే వెళ్లి తగులుతాయి.

పసివాడైన హనుమంతుణ్ణి ఇంద్రుడు వజ్రాయుధంతో కొడితే వాయుదేవుడు బిడ్డను ఒళ్లో పెట్టుకుని గుహలో కూర్చున్నాడు. లోకానికి ఊపిరి ఆగిపోయింది. దేవతలంతా దిగివచ్చి బిడ్డను బతికించాకే గాలి మళ్లీ వీచింది. తండ్రి దగ్గరున్న బలమంతా బిడ్డ వైపు నిలబడిన కథ అది. గరుత్మంతుడిది వేరే దారి. తల్లి వినతను దాస్యం నుంచి విడిపించడానికి అమృతం తేవాలి, దారిలో ఆకలి. తండ్రి కశ్యపుణ్ణి తిండి అడిగాడు. ఫలానా కొలనులో ఒక ఏనుగు, ఒక తాబేలు ఎడతెగకుండా కొట్టుకుంటున్నాయి, ఆ రెంటినీ తినమన్నాడు కశ్యపుడు. ఆ రెండూ పూర్వజన్మలో అన్నదమ్ములు. అన్న విభావసుడు, తమ్ముడు సుప్రతీకుడు. తండ్రి ఆస్తి పంచమని తమ్ముడు, పంచుకుంటే చెడిపోతామని అన్న. మాట మీద మాట పెరిగి ఒకరినొకరు శపించుకున్నారు. జంతువులయ్యాక కూడా పంపకాల తగువు తెగలేదు. మహాభారతం ఆదిపర్వంలో ఉంది ఈ కథ.

పొన్నూరు మండలంలో ఏ అరుగు మీదైనా ఈ కథ చెబితే వినేవాళ్లు తలాడిస్తారు. ఇది వరి కోసి మినుము చల్లే డెల్టా భూమి. పడమటికి పోతే పత్తి, మిరప. పైరు మారుతుందే గానీ తగువు మారదు. రిజిస్ట్రారాఫీసు ముందు చెట్టుకింద కూర్చున్న పెద్దాయనను చూడండి. దస్తావేజు చదివి వినిపిస్తుంటే ఆయన చూపు కాగితం మీద ఉండదు. పెద్దవాడు తనకు దూరంగా, చిన్నవాడు ఇంకా దూరంగా నిలబడ్డారు. ఆ ఎడం ఎంతుందో లెక్కేసుకుంటున్నట్టు చూస్తాడు. తూర్పు చెక్క ఎవరికి, బోదె పక్క చెక్క ఎవరికి, తాను బతికున్నన్నాళ్లు తిండిగింజలు ఎవరు కొలవాలి అన్నీ అందులో రాసి ఉంటాయి. సాక్షులు సంతకాలు చేస్తారు. ఆయన బొటనవేలికి సిరా అంటుతుంది. ఇంటికి వెళ్లి ఎంత తోమినా ఆ సిరా వెంటనే పోదు.

తండ్రి చేతిలో ఉన్నదేమిటి, అది కొడుక్కి ఎప్పుడు వస్తుంది, తండ్రి ఇవ్వనంటే ఏమవుతుంది, కొడుకు ఒప్పుకోనంటే ఏమవుతుంది అన్న ప్రశ్నలు చాలా పాతవి. ఎంత పాతవంటే, ఆంధ్రులన్న పేరు మనకు దొరికిన పుస్తకాల్లో మొట్టమొదట కనిపించేదే ఇలాంటి ఒక తగువులో.

ఐతరేయ బ్రాహ్మణంలో ఆంధ్రుల ప్రస్తావన ఉందని పోటీపరీక్షలకు చదివిన ప్రతి తెలుగు పిల్లవాడికీ తెలుసు. ఒక మార్కు ప్రశ్న అది. నాలుగు జవాబుల్లో సరైనదానికి టిక్కు పెట్టి ముందుకు పోతారు. ఆ పేరు అక్కడ ఏ సందర్భంలో వచ్చిందో అడిగేవాడు లేడు, చెప్పేవాడూ తక్కువే. ఇది బాధపడాల్సిన విషయం. ఎందుకంటే వేద వాఙ్మయంలో తండ్రీకొడుకుల మీద వచ్చిన కథల్లో అంత కఠినమైనది, అంత నిజాయితీగలది మరొకటి దొరకడం కష్టం. దాని చివరి మలుపులో ఉన్నది మన పేరు.

హరిశ్చంద్రుడికి నూరుగురు భార్యలు, ఒక్క కొడుకూ లేడు. నారదుడి సలహాతో వరుణుణ్ణి ప్రార్థించాడు. కొడుకు పుడితే వాడినే నీకు బలిగా ఇస్తానన్నాడు. కొడుకు పుట్టాడు. రోహితుడని పేరు పెట్టారు. వరుణుడు వచ్చి బాకీ అడిగాడు. పురిటి పది రోజులు గడవనీ అన్నాడు తండ్రి. గడిచాయి. పళ్లు రానీ అన్నాడు. వచ్చాయి. పాలపళ్లు ఊడనీ అన్నాడు. ఊడాయి. మళ్లీ రానీ అన్నాడు. వచ్చాయి. క్షత్రియుడు కదా, ఆయుధం పట్టేదాకా ఆగమన్నాడు. అప్పులవాడి ముందు గడువు మీద గడువు అడిగే రైతును చూసినవాళ్లకు ఈ హరిశ్చంద్రుడు కొత్తవాడు కాడు. ప్రతి గడువులోనూ బిడ్డ కాస్త పెరిగాడు. ఆ తండ్రి ప్రేమ ఎంతుందో కథ ఒక్క మాటలోనూ చెప్పదు. పళ్లు లెక్కపెడుతుంది, అంతే.

చివరికి తండ్రి కొడుకును పిలిచి విషయం చెప్పాడు. కొడుకు కుదరదన్నాడు. విల్లు తీసుకుని అడవికి వెళ్లిపోయాడు. వరుణుడు తండ్రిని పట్టుకున్నాడు. హరిశ్చంద్రుడి పొట్ట నీరుపట్టి ఉబ్బింది. సంగతి విని రోహితుడు తిరిగొద్దామనుకున్నప్పుడల్లా ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో ఎదురై తిరుగుతూనే ఉండమన్నాడు. ఆరో ఏడు అడవిలో అజీగర్తుడనే ఋషి కనబడ్డాడు. ఇంటిల్లిపాదీ ఆకలితో మాడుతున్నారు. ముగ్గురు కొడుకులు. తనకు బదులు బలికి ఒకణ్ణి ఇస్తే నూరు ఆవులిస్తానన్నాడు రోహితుడు. పెద్దవాణ్ణి ఇవ్వనని తండ్రి దగ్గరికి లాక్కున్నాడు. చిన్నవాణ్ణి ఇవ్వనని తల్లి లాక్కుంది. నడిమివాడు శునశ్శేపుడు మిగిలిపోయాడు. ముగ్గురు పిల్లలున్న ఇళ్లలో నడిమివాళ్లు ఈ చోట కాసేపు ఆగుతారు.

యజ్ఞం మొదలైంది. హోత విశ్వామిత్రుడు, అధ్వర్యుడు జమదగ్ని, బ్రహ్మ వసిష్ఠుడు, ఉద్గాత అయాస్యుడు. ఇంత పెద్దవాళ్లున్నారు గానీ పిల్లవాణ్ణి యూపానికి కట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు. మరో నూరు ఆవులిస్తే నేను కడతానన్నాడు అజీగర్తుడు. కట్టాడు. నరకడానికి ఎవరూ రాలేదు. ఇంకో నూరు ఇస్తే నేనే నరుకుతానన్నాడు. కత్తి నూరుకుంటూ వచ్చాడు.

తండ్రికి ఇక అడ్డులేదని తెలిసిన పిల్లవాడు దేవతల వైపు తిరిగాడు. ప్రజాపతిని, అగ్నిని, సవితను, వరుణుణ్ణి ఒక్కొక్కరినే వేడుకుంటూ పోయాడు. చివర ఉషస్సును స్తుతిస్తుంటే ఒక్కొక్క ఋక్కుకూ ఒక్కొక్క కట్టు వదులైంది, అక్కడ హరిశ్చంద్రుడి పొట్టా తగ్గుతూ వచ్చింది. శునశ్శేపుడివని చెప్పే సూక్తాలు ఋగ్వేదం మొదటి మండలంలో, 24 నుంచి 30 దాకా ఉన్నాయి.

కట్లు తెగగానే పిల్లవాడు వెళ్లి విశ్వామిత్రుడి ఒళ్లో కూర్చున్నాడు. నా కొడుకును నాకివ్వమన్నాడు అజీగర్తుడు. చేసింది తప్పే, నన్ను దహిస్తోంది, ఆ వందల ఆవులు నువ్వే తీసుకో, రా అన్నాడు. కొడుకు రానన్నాడు. నీ చేతిలో కత్తి అందరూ చూశారు, నాకన్నా మూడొందల ఆవులు నీకు ఎక్కువయ్యాయి, ఒకసారి ఇంత పాపం చేసినవాడు మరోసారీ చేస్తాడు, దీనికి అతుకు లేదు అని నిండు సభలో చెప్పాడు. మనుస్మృతి పదో అధ్యాయం ఈ అజీగర్తుడి పేరు ఎత్తి, ఆకలి తీర్చుకోవడానికే చేశాడు గనుక పాపం అంటలేదని వదిలేసింది. ఐతరేయ బ్రాహ్మణంలోని పిల్లవాడు వదల్లేదు. ఈ రెండు పుస్తకాల్లో ఏది ఎవరి పక్షాన ఉందో చూస్తే చాలు, శాస్త్రమంతా ఒకే గొంతుతో మాట్లాడుతుందన్న భ్రమ పోతుంది. ఆకలి ఎంతటిదో ఒప్పుకుంటూనే, మొదటి నూరు ఆవులకూ మూడో నూరు ఆవులకూ తేడా ఉందని గట్టిగా అనాలి. మొదటిది ఆకలి. మూడోది ఆకలి కాదు.

గుంటూరు ప్రాంతంలో ఇలాంటి కథ వినని మతం లేదు. 1842లో హేయర్ దొర గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ ఊళ్ల చర్చిల్లో అబ్రాహాము ఇస్సాకును బలిపీఠం మీద పడుకోబెట్టిన అధ్యాయం తెలుగులో చదువుతూనే ఉన్నారు. బక్రీదు నాడు మసీదుల్లో ఇబ్రాహీం త్యాగాన్ని తలుచుకుంటారు. ఆదికాండంలో కొడుకు అడిగేది ఒక్కటే, గొర్రెపిల్ల ఏదని. కొండ దిగాక తండ్రీకొడుకులు మళ్లీ మాట్లాడుకున్నట్టు ఆ గ్రంథంలో ఎక్కడా లేదు. ఖురాన్‌లో తండ్రి ముందుగా తన కల చెప్పి నీ అభిప్రాయమేమిటని కొడుకును అడుగుతాడు. ఆ అడగడం గొప్ప విషయం. ఈ రెండుచోట్లా దేవుడే కత్తిని ఆపాడు, తండ్రి మహాత్ముడుగా మిగిలాడు. శునశ్శేపుడి కథలో కత్తిని ఆపింది కొడుకు గొంతు. తండ్రికి మహాత్మ్యం దక్కలేదు.

ఇక్కడిదాకా విని పిల్లవాడు బతికాడు కదా, కథ కంచికి అనుకోవచ్చు. అసలు పేచీ ఇప్పుడే మొదలైంది.

విశ్వామిత్రుడు శునశ్శేపుణ్ణి కొడుకుగా తీసుకుని దేవరాతుడని పేరు పెట్టాడు. అంతటితో ఆగలేదు. నా కొడుకులందరిలో నువ్వే పెద్దవాడివన్నాడు. పిల్లవాడు గడుసువాడు, తండ్రి మాట ఎంతలో మారుతుందో కళ్లారా చూసినవాడు. నువ్వు అంటే చాలదు, నీ కొడుకులు ఒప్పుకోవాలి, వాళ్లందరి ముందూ ఆ మాట చెప్పమన్నాడు. విశ్వామిత్రుడికి నూటొక్క మంది కొడుకులు. నడుమ మధుచ్ఛందుడు, అతనికన్నా పెద్దవాళ్లు యాభై మంది, చిన్నవాళ్లు యాభై మంది. అందరినీ పిలిచి ఇతణ్ణి పెద్దవాడిగా అంగీకరించమన్నాడు. మధుచ్ఛందుడూ, చిన్నవాళ్లు యాభై మందీ సరేనన్నారు. పెద్దవాళ్లు యాభై మందికీ అది సమ్మతం కాలేదు. తండ్రి శపించాడు. మీ సంతతి అంచులకు పోవుగాక అన్నాడు. ఆ అంచులకు పోయినవాళ్లే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అని గ్రంథం ముగించింది.

ఒప్పుకున్న మధుచ్ఛందుడి పేరు ఋగ్వేదం మొదటి సూక్తానికే ఋషిగా నిలిచింది. ఒప్పుకోనివాళ్ల పేర్లు ఒక్కటీ మిగల్లేదు. యాభై మందిలో ఒక్కడేమన్నాడో ఒక్క ముక్క లేదు. ఆంధ్రులంటే ఆర్యఋషి సంతానమేనని మురిసిపోయినవాళ్లున్నారు, శాపగ్రస్తులమన్నారని చిన్నబుచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. సరిహద్దుల్లోని పరాయి జాతులను తమ వంశవృక్షంలో ఎక్కడో ఒకచోట అతికించుకోవడానికి పాతకాలపు పండితులు ఇలాంటి కథలు కట్టేవారు, అందుకని దీన్ని వంశచరిత్రగా తీసుకోనక్కర్లేదు. తీసుకోవలసింది ఆ తగువును. ఒక తండ్రి మంచిపని చేశాడు. అమ్ముడుపోయిన అనాథను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. ఆ మంచిపనికి ఖర్చు మాత్రం పెద్దకొడుకుల పద్దులో రాశాడు. కొత్తగా వచ్చినవాణ్ణి తమ్ముడిగా తీసుకొమ్మంటే వాళ్లేమనేవారో తెలియదు. అన్నగా తీసుకొమ్మన్నాడు. జ్యేష్ఠుడి స్థానమంటే గౌరవం ఒక్కటే కాదు, యజ్ఞంలో ముందుండే హక్కు, ఇంటి పెద్దరికం. కాదన్నందుకు దేశమే లేకుండా చేశాడు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ఎంత ఒప్పో, ఆ శాపం అంత తప్పు. ఈ రెండు మాటలూ కలిపే అనాలి.

ఈ కథ ఎక్కడ చెప్పాలో కూడా ఆ గ్రంథంలోనే ఉంది. రాజసూయంలో, కొత్తగా అభిషేకం పొందిన రాజు ఎదుట హోత దీన్ని చెప్పాలి. ఋక్కు వచ్చినప్పుడు ఒక రకంగా, గాథ వచ్చినప్పుడు మరో రకంగా అధ్వర్యుడు ఊకొట్టాలి. చెప్పినవాడికి వెయ్యి ఆవులు, ఊకొట్టినవాడికి నూరు. అధికారం చేతికొచ్చిన రోజునే, కొడుకును అమ్ముకున్న తండ్రి కథ, కొడుకును తాకట్టు పెట్టిన రాజు కథ, కొడుకులను వెళ్లగొట్టిన ఋషి కథ రాజు కూర్చుని వినాలన్నమాట. ఆ ఏర్పాటు చేసినవాళ్లకు అధికారం గురించి బాగా తెలుసు.

తండ్రి కోరిక, పెద్దకొడుకుల తిరస్కారం, చిన్నవాడి సమ్మతి, శాపం అన్న ఈ వరస యయాతి కథలో మళ్లీ వస్తుంది. ముసలితనం తీసుకుని యౌవనం ఇమ్మని అడిగితే నలుగురు కాదన్నారు, కడగొట్టు పూరుడు ఇచ్చి రాజ్యం పొందాడు. వాల్మీకి రామాయణం బాలకాండలో శునశ్శేపుడి కథే కొంత మారి వచ్చింది. అక్కడ విశ్వామిత్రుడు తన కొడుకులను ఆ పిల్లవాడికి బదులు బలి కమ్మన్నాడు. కాదన్నందుకే శాపం. ఈ రూపంలో ఆ కొడుకుల పక్షం ఎంత న్యాయమైనదో వేరే వాదించక్కర్లేదు.

తెలుగువాళ్లకు హరిశ్చంద్రుడంటే మాత్రం ఇదేమీ గుర్తురాదు. పొన్నూరుకు పొరుగున ఉన్న బాపట్ల ప్రాంతంలో 1881లో పుట్టిన బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన నాటకం గుర్తొస్తుంది. తెల్లవారుజామున కాటిసీను, జాషువా శ్మశాన పద్యాలు, హార్మోనియం, ముందు వరుసలో దుప్పటి కప్పుకుని కూర్చుని కళ్లు తుడుచుకునే ముసలివాళ్లు. ఆ కథ మార్కండేయ పురాణం దారిన వచ్చింది. దాన్ని తెలుగు చేసిన మారన తిక్కనకు శిష్యుడు. ఈ దారిలో వరుణుడు లేడు, అప్పులవాడు విశ్వామిత్రుడు. రోహితుడు లోహితాస్యుడయ్యాడు. విల్లు పట్టి అడవికి పోయినవాడు తల్లి కొంగు పట్టుకుని కాశీ వీధిలో అమ్ముడుపోయే పసివాడయ్యాడు. తండ్రి సత్యానికి కొలత కొడుకు శవమైంది. ఆ నాటకం మహత్తరమైనది, దాని కన్నీళ్లలో కల్లలేదు. అయినా వందేళ్లకు పైగా ఊరూరా ఒక్క హరిశ్చంద్రుణ్ణే చూసిన జాతికి, కాదని చెప్పి నడిచిపోయిన కొడుకు కంటికి కనబడకుండా పోయాడు. పోతన భాగవతం నవమ స్కంధంలో అతను ఉన్నాడు. తెరమీదికి మాత్రం రాలేదు.

స్టేజీ మరిచిపోయినదాన్ని ధర్మశాస్త్రం మరిచిపోలేదు. తల్లిదండ్రులకు కొడుకును ఇచ్చే, అమ్మే, విడిచిపెట్టే అధికారం ఉందని, అయితే ఒక్కగానొక్కణ్ణి ఇవ్వకూడదని వాసిష్ఠ ధర్మసూత్రం అంటుంది. అజీగర్తుడు అలాంటి సూత్రం నీడలోనే బేరమాడాడనుకోవాలి. యాజ్ఞవల్క్యుడి కాలానికి మాట మారింది. సొంత సొమ్మును కుటుంబానికి ఇబ్బంది లేకుండా దానం చేసుకోవచ్చు, భార్యనూ కొడుకునూ మాత్రం చేయకూడదు. ఆ స్మృతికి కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్య రాస్తూ ఇంకో అడుగు వేశాడు. తాతల ఆస్తిలో కొడుక్కి హక్కు పుట్టుకతోనే వస్తుందన్నాడు. బెంగాలులో నడిచిన దాయభాగం ప్రకారం తండ్రి పోయేదాకా కొడుక్కి ఏమీ లేదు. మన దగ్గర ఉయ్యాలలో ఉన్నవాడు కూడా తండ్రితో సమానంగా భాగస్తుడు, వాణ్ణి కాదని తండ్రి పిత్రార్జితాన్ని ఇష్టం వచ్చినట్టు అమ్మలేడు. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన దీన్ని విజ్ఞానేశ్వరీయమని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. దశకుమార చరిత్రను తిక్కనకు అంకితమిచ్చిన కేతనే ఇతను. ఒకే గోష్ఠిలో ఒకరు భారతంలోని అన్నదమ్ముల రాజ్యభాగం తగువు తెలుగు చేస్తుంటే మరొకరు పంపకాల శాస్త్రం తెలుగు చేశారు. ఆ పుట్టుక హక్కు కూతుళ్లకు రావడానికి మాత్రం శతాబ్దాలు పట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని ఆడపిల్లలకు, దేశమంతటా 2005 నుంచి అందరికీ. 2005 మార్పు వచ్చేనాటికి తండ్రి బతికున్నాడా లేదా అన్న లెక్క అక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. శునశ్శేపుడి ఇంట్లో అమ్మాయిలుంటే వాళ్లను ఎవరు ఏ పక్కకు లాక్కునేవారో కథ చెప్పలేదు, ఆ లోటు గుర్తుంచుకోవాలి.

పొన్నూరులో పేరున్న మరో దేవుడు సాక్షి భావనారాయణస్వామి. పిల్లనిస్తానన్న మాట తప్పిన పెద్దమనిషి మీద స్వామే వచ్చి సాక్ష్యం చెప్పాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఇంటిపెద్ద మాటకు ఊరు సాక్షిగా నిలవలేకపోతే దేవుణ్ణే పిలవాల్సి వచ్చిందన్నది ఆ కథలో నిజమైన బాధ. మాట ఇచ్చినవాడు పెద్దవాడు, అడిగేవాడు చిన్నవాడు. సభలో నోళ్లు ఎటు తిరుగుతాయో అందరికీ తెలిసిందే.

మహాభారతంలో ఆ నోళ్లు తెరిపించడానికి విదురుడు ఒక కథ చెప్పాడు. పాండవులు జూదంలో ఓడిన సభలో ద్రౌపది ప్రశ్నకు ఎవరూ బదులివ్వని సమయమది. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడికీ, అంగిరసుడి కొడుకు సుధన్వుడికీ ఎవరు గొప్ప అని పందెం. ఓడినవాడి ప్రాణం గెలిచినవాడిది. తీర్పు చెప్పమని ప్రహ్లాదుడి దగ్గరికే వెళ్లారు. ఒకప్పుడు తండ్రి కొలువులో కట్లు, ఏనుగులు, పాములు అన్నీ చూసిన కొడుకు ఆయన. ఇప్పుడు తానే తండ్రి. కొడుకు ప్రాణం తన నాలుక మీద ఉంది. కశ్యపుణ్ణి సలహా అడిగాడు. పొన్నూరు గరుత్మంతుడి తండ్రి కశ్యపుడే. తెలిసీ నోరు మెదపని సాక్షిని వెయ్యి వరుణపాశాలు చుట్టుకుంటాయి, ఏడాదికి ఒక్కటి చొప్పున వదులుతాయి అన్నాడాయన. శునశ్శేపుణ్ణి చుట్టిన తాళ్లూ వరుణుడివే. ప్రహ్లాదుడు సుధన్వుడే గొప్ప అన్నాడు. కొడుకు మీద మమకారాన్ని పక్కనబెట్టి నిజం చెప్పావని సుధన్వుడు విరోచనుణ్ణి ప్రాణాలతో విడిచిపెట్టాడు. ఉద్యోగపర్వంలో విదురుడు ఇదే కథను ఈసారి ధృతరాష్ట్రుడికి నేరుగా చెప్పాడు. కొడుకు కోసం అబద్ధమాడవద్దని. ధృతరాష్ట్రుడు విన్నాడు, బాగుందన్నాడు, ఏమీ చేయలేదు. ఆ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన తాత మంత్రి భాస్కరుడు గుంటూరివాడు.

వెలివేసిన తండ్రులే కాదు, వెనకేసుకొచ్చిన తండ్రులు కూడా కొడుకులను పోగొట్టుకున్నారని ఈ పుస్తకాలు చెబుతున్నాయి. విశ్వామిత్రుడు యాభై మందిని, ధృతరాష్ట్రుడు వంద మందిని. మధ్యలో ప్రహ్లాదుడు ఒక్కడే కొడుకు ఎదుట కొడుక్కు వ్యతిరేకంగా నిజం చెప్పి, ఆ కొడుకును వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లాడు.

శాపం తగిలి అంచులకు పోయారన్న ఆంధ్రుల నేల ఎలా ఉండేదో చూడాలంటే పొన్నూరు నుంచి తూర్పుగా సుమారు 25 కిలోమీటర్లు పోవాలి. భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపం తవ్విస్తే రాతి కరండాలు, స్ఫటికపు భరిణె, వాటి మీద క్రీస్తుపూర్వపు బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనాలు బయటపడ్డాయి. బుద్ధుడి ధాతువుల కోసం చేయించినవి అవి. ఆ బుద్ధుడూ ఒక తండ్రే. కొడుకు రాహులుడు వచ్చి వారసత్వం అడిగితే భిక్షువును చేయించాడు. అప్పుడు ముసలి తండ్రి శుద్ధోదనుడు వచ్చి, కొడుకు పోయినప్పుడు పడ్డ బాధ మనవడు పోతే ఇంకా లోతుకు దిగిందని, ఇకమీద తల్లిదండ్రులు ఒప్పుకోకుండా ఏ బిడ్డకూ దీక్ష ఇవ్వవద్దని అడిగాడు. బుద్ధుడు అది సంఘానికి నియమం చేశాడు. కొడుకు ఎంతటివాడైనా తండ్రి మాట విన్న సందర్భమది. శాపం లేదు, బలవంతం లేదు. ఒక విన్నపం, ఒక ఒప్పుదల.

భట్టిప్రోలు రాతి మీది పేర్లు ఇలా ఉన్నాయి. కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు కలిసి ఈ మందసం, స్ఫటిక భరిణె సిద్ధం చేయించారని ఒక శాసనం. బనవుని కొడుకు కురుడు, తండ్రితో పాటుగా ఇచ్చిన మందసమని మరొకటి. ఒకచోట తండ్రి గుర్తు కొడుకు పేరుతో, మరోచోట కొడుకు గుర్తు తండ్రి పేరుతో.